అరిగిన మరచుట్టు

మోటారు చరిత్ర వ్రాయువారు సాధారణముగా ఇంజనుతో ఆరంభించి వేగముతో ముగింతురు. చక్రమునకును బండికిని నడుమ నుండి, బాటలోని ప్రతి గతుకును భరించు భాగములను గూర్చి రెండు పంక్తులు వ్రాసి విడుతురు. ఇంగ్లీషులో సస్పెన్షన్ అను ఈ అమరికను మన షెడ్లలో కమాను పని, షాకుల పని, బుష్షుల పని అని విడివిడిగా చెప్పుకొందురు. కారు గల సామాన్యుడు తన బండిని తానెంతవరకు ఎరుగును, దాని క్షేమమునకు ఎంతవరకు తాను బాధ్యుడు అను ప్రశ్నకు సమాధానము మాత్రము ఇంజనులో కంటె ఇక్కడనే స్పష్టముగా దొరకును. అందులకు ఒక్క కారు కథ చాలును. అది బ్రిటనులో పుట్టిన మోరిస్ మైనరు.

దానికి ముందొక మాట. ఉక్కు పట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి విల్లువలె వంచిన కమాను గుర్రపు బండ్ల కాలమునాటిది. 1804లో ఒబడయా ఇలియట్ అను లండను బండ్ల నిర్మాత అండాకారపు కమానుకు పేటెంటు పొందెను. తొలి మోటారు కార్లు ఆ జాతి కమానులనే అరువు తెచ్చుకొన్నవి. పట్టీ విరిగినను, వాలిపోయినను బాగుచేయుటకు క్రొత్త విద్య అక్కరలేదు. కొలిమి గల కమ్మరి చాలును. 1934లో ఫ్రాన్సు దేశపు సిట్రోయెన్ సంస్థ తన క్రొత్త కారులో కమానుకు బదులు టార్షన్ బారును వాడెను. అది పొడవైన ఉక్కు కడ్డీ. దాని యొక కొసను బండి చట్రమునకు బిగించి, రెండవ కొసను చక్రమును మోయు చేతికి తగిలింతురు. చక్రము పైకి లేచినప్పుడు కడ్డీ తడిగుడ్డ పిండినట్లు మెలిపడును. గతుకు దాటగానే విచ్చుకొనును. చూచువానికి ఏమియు కదలినట్లే తోచదు.

మైనరు ముందు చక్రములకు ఈ కడ్డీనే ఎన్నుకొన్నవాడు అలెక్ ఇసిగోనిస్. 1906లో స్మిర్నా నగరమున జన్మించి ఇంగ్లండు చేరిన ఇంజనీరు. ఉద్యోగము పెద్ద కంపెనీలలోనే చేసినను, 1930ల దశకములో మిత్రుడు జార్జి డౌసన్‌తో కలిసి తీరిక వేళలందు చిన్న పందెపు కారొకటి స్వహస్తములతో నిర్మించెను. అందులో ఉక్కు కమానులకు మారుగా రబ్బరును వాడిరి. పని పూర్తియగుటకు ఏండ్లు పట్టెను. ఇట్లు చేతులకు మసి పూసికొని నేర్చినవాడు మైనరును రూపొందించెను. 1948 అక్టోబరులో లండను ప్రదర్శనమున అది వెలువడినప్పుడు సంస్థాధిపతి లార్డ్ నఫీల్డుకు ఆ రూపము నచ్చలేదు. ఉడికిన గ్రుడ్డువలె నున్నదని హేళన చేసెనట. ప్రజలు ఆయన మాట వినలేదు. బ్రిటనులో పదిలక్షల సంఖ్యకు చేరిన మొదటి కారు ఇదియే. ఆ పదిలక్షలవ బండి 1960 డిసెంబరులో తయారయ్యెను.

ఇక అసలు విషయము. స్టీరింగు త్రిప్పినప్పుడు ముందు చక్రము ఒక నిలువు కడ్డీతో కూడ తిరుగవలెను. మైనరులో ఆ కడ్డీకి పై కొసను, క్రింది కొసను మరచుట్లు కోసి, వానిని ట్రనియన్ అను లోహపు తొడుగులలోనికి మరమేకువలె ఎక్కించిరి. స్టీరింగు త్రిప్పిన ప్రతిసారియు ఆ మర కొంచెము బిగియుచు, కొంచెము వదలుచు నుండును. తక్కువ ఖర్చుతో ఎక్కువ బలమునిచ్చు ఏర్పాటు; మరచుట్ల వైశాల్యము విస్తారమగుటచే బరువు ఒకచోట పడక పంచబడును. కాని బండి ముందు భాగపు బరువు క్రింది తొడుగును నిరంతరము క్రిందికి లాగుచునే యుండును. చుట్ల నడుమ గ్రీజు ఎండిపోయి, తుప్పును ఇసుకయు చేరి, లోహము అరిగి అరిగి పలుచబడినచో ఒకనాడు కడ్డీ ఆ తొడుగునుండి ఊడివచ్చును. అంతట చక్రము ప్రక్కకు ఒరిగి కారు క్రింద ముడుచుకొనును. ఆ క్షణమున బండి నెమ్మదిగా పోవుచుండిన అది యజమాని అదృష్టము.

ఈ యపాయమును నివారించునది గ్రీజు గన్ను ఒక్కటే. యజమానుల కిచ్చిన తొలి పుస్తకములలో 1000 మైళ్ళ కొకసారి గ్రీజు పెట్టవలెనని యుండెను. అందులోను ఒక మెలకువ కలదు. చక్రము నేలపై నుండగా గ్రీజు పెట్టినచో బరువుచే బిగిసిన చుట్ల ముఖమునకు అది చేరదు. జాకీతో బండిని లేపి, బరువు తొలగించి, స్టీరింగును ఇటునటు త్రిప్పుచు పెట్టవలెను. అనగా ఆ శిల్పి యజమానిని కూడ తన యంత్రములో నొక భాగముగా లెక్కించెను. అది విశ్వాసమో, అతివిశ్వాసమో చెప్పుట కష్టము. బండి రెండవ చేతికి, మూడవ చేతికి మారిన కొలది ఆ పుస్తకము ఎక్కడనో పోవును; గ్రీజు నిప్పుళ్ళు బురదలో మరుగున పడును.

అరిగిన తొడుగును ఇంటి ముంగిట మార్చుట సాధ్యమే, కాని ఆటగాదు. మెలిపడిన టార్షన్ బారులో దాగియున్న శక్తి ఎముకను విరువగలది. కావున బండిని గట్టి స్టాండులపై నిలిపి, క్రింది చేతికి వేరొక జాకీ ఆనించి, కీళ్ళు విప్పిన పిదప ఆ జాకీని మెల్లమెల్లగా దింపి కడ్డీ మెలికను వదలనీయవలెను. కుడి చక్రపు మర ఒక దిక్కునకు తిరిగినచో ఎడమ చక్రపు మర మరియొక దిక్కునకు తిరుగును; ఇది తెలియక పానాతో బలప్రయోగము చేసి చుట్లు చెరచినవారు లేకపోలేదు. కొంతకాలము నడచిన కుడి కడ్డీని ఎడమవైపునకు మార్చరాదు. ఉక్కు ఒక వైపు మెలికకు అలవాటు పడియుండును. క్రొత్త తొడుగును అరిగిన కడ్డీకి ఎక్కించుటయు చెల్లదు; రెండింటిని జతగా మార్చవలెను.

ఇంత పనికి సామాన్యులు ఏల పూనుకొనిరి? యుద్ధానంతర బ్రిటనులో క్రొత్త కార్లలో అధికభాగము ఎగుమతికే పోయెను. పెట్రోలు రేషను 1950 వరకు సాగెను. ఉన్న పాత బండినే లాగుకొని వచ్చుట ఆనాటి గృహస్థునకు ధర్మమయ్యెను. 1960లో ప్రభుత్వము పదేండ్లు దాటిన వాహనములకు బ్రేకులు, దీపములు, స్టీరింగు పరీక్షను నిర్బంధము గావించెను. తప్పిన బండ్ల సంఖ్య అధికమగుటచే మరుసటి యేడే ఆ వయస్సును ఏడేండ్లకు, 1967లో మూడేండ్లకు తగ్గించిరి. పరీక్షకుడు చక్రమును ఊపి చూచి, అరుగుదల కన్నచో బండిని త్రిప్పి పంపును. కూలి నిచ్చుకొనలేనివాడు తానే నేర్చుకొనవలసి వచ్చెను. 1966లో జాన్ హేన్స్ అను నాతడు వెలువరించిన మొదటి మరమ్మతు గ్రంథము అట్టివానికి గురువయ్యెను. కారును నిజముగా విప్పి, మరల కూర్చి, అడుగడుగున ఛాయాచిత్రములు తీసి ముద్రించుట దాని పద్ధతి. కర్మాగారము వ్రాసిన పుస్తకము నిపుణునితో మాటలాడును. ఇది ప్రక్కింటివానితో మాటలాడును.

విచిత్రమేమన, ఇసిగోనిస్ 1959లో తెచ్చిన మినీ కారు ఈ దారిని కొంత మూసివేసెను. అందు అలెక్స్ మౌల్టన్ రూపొందించిన రబ్బరు శంకువును విప్పవలెనన్న దానిని నొక్కిపట్టు ప్రత్యేక పనిముట్టు కావలెను. తరువాతి కార్లలో గ్రీజు అక్కరలేని మూసిన కీళ్ళు వచ్చినవి. యజమానికి శ్రమ తప్పెను. దానితోడనే నెలకొకసారి బండి క్రిందికి తొంగిచూచు అలవాటును తప్పెను.

ఈ వంశము మనకు పరాయిది కాదు. హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1950ల తొలి సంవత్సరములలో మైనరును బేబీ హిందుస్థాన్ అను పేర తయారుచేసెను. అనంతరము వచ్చి 2014 వరకు నడచిన అంబాసిడరుకు మాతృక మోరిస్ ఆక్స్‌ఫర్డు. అంబాసిడరు ముందు చక్రముల వెనుకను టార్షన్ బార్లే యుండెను. తెలుగుదేశపు బాటలపై వానిని నడిపిన డ్రైవర్లలో అనేకులకు ఆ కడ్డీ పేరు తెలియకపోయినను, బండి ముందుభాగము ఒక వైపునకు వాలినదనగా దానినే విప్పవలెనని తెలియును.

మైనరు తయారీ 1971లో ఆగిపోయెను. దానిని ఇంటనే పోషించుకొను యజమానులు నేటికిని బ్రిటనులో వేలకొలది కలరు. క్రొత్త ట్రనియన్లును దొరకుచున్నవి. 2018 మే 20 నుండి అక్కడ నలువదేండ్లు దాటిన, పెద్దగా మార్పు చెందని కార్లకు వార్షిక పరీక్ష తప్పనిసరి కాకుండ పోయెను. ఆ లెక్కకు మార్పులెరుగని ప్రతి మైనరును చెందును. ముందు చక్రమును పైనను క్రిందను పట్టి ఊపి చూచు పరీక్షకుని చేయి తొలగినది. ఇప్పుడా చక్రమును జాకీపై లేపి ఊపి చూడవలసినవాడు ఆ కారు నడుపువాడే.