గ్రాస్ జీఐఎస్ - నిర్మాణం, కోడు నియమాలు

గ్రాస్ జీఐఎస్ అనేది భౌగోళిక సమాచారాన్ని విశ్లేషించడానికి, పటాలు తయారు చేయడానికి ఉపయోగపడే స్వేచ్ఛా సాఫ్టువేరు. ఇందులో అధిక భాగం సీ భాషలో వ్రాయబడినది. దీని రూపకల్పనను 1982లో అమెరికా సైన్యానికి చెందిన నిర్మాణ ఇంజనీరింగు పరిశోధనాలయం ప్రారంభించినది. 1990వ దశకం మధ్యలో ఆ సంస్థ తప్పుకొన్న తరువాత విశ్వవిద్యాలయాలు, స్వచ్ఛంద ప్రోగ్రామర్లు దీనిని కొనసాగించారు. 1999 నుండి జీపీఎల్ లైసెన్సుపై లభిస్తున్నది. ఇన్ని చేతులు మారినా ఇది నిలిచి ఉండడానికి దాని నిర్మాణం, కోడు నియమాలు ఎంతో తోడ్పడినవి.

నిర్మాణం

గ్రాస్ ఒకే పెద్ద ప్రోగ్రాము కాదు. మాడ్యూళ్ళు అనబడే వందలాది చిన్న ప్రోగ్రాముల సముదాయం. ఇవన్నీ ఉమ్మడి లైబ్రరీలపై ఆధారపడి పనిచేస్తాయి. అందువలన ఒక మాడ్యూలును సవరించినపుడు మిగిలినవి సాధారణంగా చెక్కుచెదరవు. పటాలను ప్రాజెక్టులుగా, ప్రతి ప్రాజెక్టును మ్యాప్‌సెట్లుగా విభజిస్తారు. ఒక ప్రాజెక్టులోని పటాలన్నిటికీ నిర్దేశాంక పద్ధతి ఒక్కటే. ఇతరుల మ్యాప్‌సెట్‌లోని పటాలను చదువవచ్చును గాని మార్చడానికి వీలు లేదు.

కోడు నియమాలు

పేరును బట్టే పని తెలియాలన్నది ప్రధాన నియమం. రాస్టర్ మాడ్యూళ్ళ పేర్లు "ఆర్.", వెక్టర్ మాడ్యూళ్ళవి "వీ.", సాధారణ నిర్వహణకు చెందినవి "జీ." అనే అక్షరాలతో మొదలవుతాయి. లైబ్రరీ ఫంక్షన్లకు "జీ_", "రాస్ట్_", "వెక్ట్_" వంటి ఉపసర్గలు ఉంటాయి. పూర్వం రాస్టర్ ఫంక్షన్లకు కూడా "జీ_" ఉండేది. 2015లో వెలువడిన 7వ వెర్షనులో వాటిని వేరు చేశారు. ప్రధాన ఫైలు పైభాగాన మాడ్యూలు పేరు, రచయితలు, ప్రయోజనం, కాపీహక్కు వివరాలను వ్యాఖ్యగా వ్రాస్తారు.

ఉదాహరణ: నంద్యాల, ఆళ్లగడ్డ

ఈ రెండు పట్టణాలు 78 డిగ్రీల తూర్పు రేఖాంశానికి తూర్పున ఉన్నందున యూటీఎం 44వ మండలంలోకి వస్తాయి; కావున ఒకే ప్రాజెక్టు సరిపోతుంది. లెక్కింపు ఎక్కడ, ఎంత సూక్ష్మంగా జరగాలో "రీజియన్" నిర్ణయిస్తుంది. 40 కిలోమీటర్ల పొడవు, 30 కిలోమీటర్ల వెడల్పు గల రీజియన్‌కు గడి కొలత 40 మీటర్లయితే 7.5 లక్షల గడులు, 10 మీటర్లయితే 1.2 కోట్ల గడులు వస్తాయి. రాస్టర్ లైబ్రరీ పటాన్ని ఒక్కొక్క వరుసగా అందిస్తుంది కనుక, వరుసల వారీగా పనిచేసే మాడ్యూళ్ళకు తక్కువ మెమొరీ చాలును.

అయితే రీజియన్ ఎంపికలో జాగ్రత్త అవసరం. కుందూ నది ఉత్తరం నుండి నంద్యాల మీదుగా దక్షిణానికి ప్రవహించి పెన్నలో కలుస్తుంది. రీజియన్‌ను నంద్యాల వద్దనే మొదలుపెడితే ఎగువ నుండి వచ్చే నీరు లెక్కలోకి రాదు. "ఆర్.వాటర్‌షెడ్" మాడ్యూలు అట్టి గడులకు ఋణ సంఖ్యలు ఇచ్చి హెచ్చరిస్తుంది. ఆ గుర్తును గమనించక పటాన్ని వాడితే వరద అంచనా వాస్తవం కంటే తక్కువగా వస్తుంది.