రహదారిని నడిచినవారు

ప్రియ చదువరీ, ఉంగుటూరు మీదుగా పోవు 16వ జాతీయ రహదారిని నీవెరుగుదువు. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను ప్రారంభమై, ఎవరి యింట వారుండవలెనని ఆజ్ఞ వెడలెను. రోగమును ఆపుటకు అది అవసరమే. కాని చెన్నపట్టణములో పని పోయిన ఒడిస్సా కూలికి ఇల్లెక్కడ? రైళ్లు నిలిచిపోగా, అనేకులు బిడ్డలను చంకనెత్తుకొని ఈ దారినే నడిచిరి.

1897లో బొంబాయి ప్లేగు నిమిత్తము చేయబడిన అంటువ్యాధుల చట్టమే 2020లోను అధికారుల చేతిలో నుండెను. అందులో శిక్ష మాట కలదు, అన్నము మాట లేదు. అన్నపు పొట్లములు, మజ్జిగ పట్టుకొని దారి ప్రక్క ఊళ్లవారు కొందరు ఎదురేగిరి. తామును రోగమునకు భయపడుచునే సుమా! మే 15న రాష్ట్ర హైకోర్టు, నడచువారికి దారి పొడుగున అన్నపానములు అమర్చుమని ప్రభుత్వమును ఆదేశించెను. అప్పటికి ఏడు వారములు దాటెను.