డ్రిల్లు మాస్టరు చదువు



మన ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని సంఘం వారు కోరగా, నేను ఉద్యోగమంతా చేసిన పని గురించే వ్రాయదలచాను. అనంతగిరి, కోదాడ ప్రాంతపు ఉన్నత పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయునిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఊళ్ళో అందరికీ నేను డ్రిల్లు మాస్టారినే. "ఈల ఊదడానికి కూడా చదువు కావాలా మాస్టారూ?" అని అడిగినవారు చాలామంది. ఆ చదువుకు నూరేళ్ళు దాటిన చరిత్ర ఉన్నది.

మా ప్రాంతం ఒకప్పుడు రెండు పాలనల సరిహద్దు. కోదాడ నిజాం రాజ్యంలోది. ఆనుకొని ఉన్న మునగాల పరగణా, తూర్పున జగ్గయ్యపేట మద్రాసు పాలనలోని కృష్ణా జిల్లావి. వ్యాయామ విద్య కూడా మనకు ఈ రెండు దారుల్లోనే వచ్చింది.

మొదటిది మద్రాసు దారి. వీరఘట్టంలో 1882లో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారిని రొమ్ముపై ఏనుగును నిలిపిన బలశాలిగానే మనం ఎరుగుదుము. అంతకు ముందే ఆయన మద్రాసు సైదాపేటలో ఏడాది వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయునిగా పనిచేశారు. 1920లో హారీ క్రో బక్ అనే అమెరికా దేశస్థుడు మద్రాసు వై.ఎం.సి.ఏ.లో శిక్షణ పాఠశాల ప్రారంభించారు. అదే తరువాత కళాశాల అయింది. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టుకు ఆయనే మేనేజరు.

రెండవది హైదరాబాదు దారి. 1931లో అక్కడ ప్రభుత్వ వ్యాయామ కళాశాల ఏర్పడింది. దోమల్‌గూడ కళాశాల అంటే మా తరం వారందరికీ తెలుసు. హైదరాబాదు బడుల్లో పాఠాలు చెప్పి, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకులై 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఘనత వెనుక ఉన్నది ఒక బడిపంతులే.

స్వాతంత్ర్యం తరువాత ఈ చదువు కొమ్మలు వేసింది. 1957లో గ్వాలియర్‌లో లక్ష్మీబాయి కళాశాల మూడేళ్ళ డిగ్రీతో మొదలైంది. కోచ్‌ల శిక్షణకు 1961లో పాటియాలాలో జాతీయ క్రీడా సంస్థ వచ్చింది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల తరువాత, 1984లో భారత క్రీడా ప్రాధికార సంస్థ ఏర్పడి క్రీడల నిర్వహణ ఒక ప్రత్యేక శాఖ అయింది.

ఇంతకీ ఏమి నేర్పుతారు? ఎముకలు, కండరాల తీరు, గుండె, ఊపిరితిత్తుల పని, ప్రథమ చికిత్స, మైదానం కొలతలు, పోటీల నిర్వహణ. నాకౌట్ పోటీకి 11 జట్లు వస్తే మొదటి రౌండులో అయిదింటికి 'బై' ఇవ్వాలి, మొత్తం పది ఆటలు జరుగుతాయి. ఇది చేతివేళ్ళపై తేలాలి. క్రీడా వైద్యం మా పాత అలవాట్లనూ మార్చింది. చీలమండ బెణికితే వెంటనే వేడి కాపడం పెట్టి రుద్దేవారు. అలా చేస్తే వాపు పెరుగుతుంది. గుడ్డలో చుట్టిన మంచు పెట్టి, పట్టీ కట్టి, కాలు ఎత్తులో ఉంచాలి. ఆటలో నీళ్ళు త్రాగరాదన్న మాట కూడా పోయింది.

2014 నిబంధనలతో బి.పి.ఎడ్. రెండేళ్ళ కోర్సు అయింది. చదువు పెరిగింది, కాని బడిలో ఆటల పీరియడు పెరగలేదు. నేను పనిచేసిన ఒక బడిలో సంక్రాంతి దాటితే నా పీరియడ్లన్నీ లెక్కలకు, ఇంగ్లీషుకు పోయేవి. కోచ్ గెలిచేవాణ్ణి వెదుకుతాడు. వ్యాయామోపాధ్యాయుడు వెనుక బెంచీలో ముడుచుకొని కూర్చున్నవాణ్ణి కూడా మైదానంలోకి తీసుకువస్తాడు. బడిలో ఆ పీరియడు పోతే, తరువాత ఆ పిల్లవాడి ఒంటి సంగతి పట్టించుకొనేవారు ఎవరు?

మనకూ ఈ చదువు పనికివస్తుంది. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, 65 దాటినవారికి వారంలో మూడు రోజులైనా పడిపోకుండా నిలదొక్కుకొనే కసరత్తు అవసరమని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలియజేసింది. మిత్రులు డాక్టరును అడిగి మొదలుపెట్టగలరు. మీ మనుమల బడిలో ఆటల పీరియడు జరుగుతున్నదో లేదో ఒకసారి విచారించవలసినదిగా మనవి.