పెనుకొండ: కోట, కరువు, కార్ల కర్మాగారం

పెనుకొండ ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసత్యసాయి జిల్లాకు చెందిన చారిత్రక పట్టణం, రెవెన్యూ డివిజన్ కేంద్రం. విజయనగర సామ్రాజ్యానికి హంపీ తరువాత రాజధాని అయిన ఊరు ఇది. 2019 నుంచి దక్షిణ కొరియా సంస్థ కియా కార్ల తయారీకి కేంద్రంగానూ పేరు పొందింది. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనాభా సుమారు 27 వేలు. చాలాకాలం గ్రామ పంచాయతీగా ఉన్న ఈ ఊరు నగర పంచాయతీ అయ్యాక 2021 నవంబరులో తొలి ఎన్నికలు జరిగాయి. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లాను విభజించి, పుట్టపర్తి కేంద్రంగా కొత్త జిల్లాను ఏర్పాటు చేసినప్పుడు పెనుకొండ అందులో చేరింది.

భౌగోళికం

పట్టణం బండరాళ్ల కొండ పాదాన ఉంది. ఉత్తరాన ధర్మవరం, దక్షిణాన హిందూపురం, ఈశాన్యాన బుక్కపట్నం, పుట్టపర్తి ఉన్నాయి. కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టే పెన్నా, చిత్రావతి నదులు ఈ ప్రాంతం మీదుగా సాగుతాయి. రెండూ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక మేటలుగానే కనిపిస్తాయి. పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉండటంతో నైరుతి రుతుపవనాల వాన ఇక్కడికి అంతంతమాత్రంగానే చేరుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏటా సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన కురిసే జిల్లాల్లో అదొకటి.

అందుకే ఇక్కడి పాలకులు కోటలతో పాటు చెరువులూ కట్టించారు. విజయనగర రాజు బుక్కరాయల పేరు మోస్తున్న బుక్కపట్నంలో చిత్రావతి నీటిని పట్టే పెద్ద చెరువు ఉంది. అదే నది దిగువన ధర్మవరం చెరువునూ నింపుతుంది. పై చెరువు నిండితేనే కింది చెరువుకు నీరు చేరే ఈ గొలుసుకట్టు పద్ధతి మీదనే ఇక్కడి మాగాణి సాగు శతాబ్దాలుగా నిలిచింది.

చరిత్ర

విజయనగర రాజ్యం ఏర్పడిన తొలి రోజుల్లోనే పెనుకొండకు ప్రాధాన్యం దక్కింది. మొదటి బుక్కరాయలు తన కుమారుడు విరూపణ్ణకు ఈ సీమను అప్పగించాడనీ, కోటను పటిష్ఠం చేయించాడనీ 1354 నాటి శాసనం వల్ల తెలుస్తోంది. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండ సీమ అధికారిగా ఉన్న మరో విరుపణ్ణ తన సోదరుడు వీరణ్ణతో కలిసి లేపాక్షి వీరభద్రాలయ నిర్మాణానికి పూనుకున్నాడు.

1565లో రాక్షసి తంగడి యుద్ధంలో విజయనగరాన్ని ఏలుతున్న అళియ రామరాయలు మరణించాక, అతని తమ్ముడు తిరుమలరాయలు ఖజానాతో, రాజ పరివారంతో పెనుకొండకు చేరాడు. కొద్దికాలానికి తానే సింహాసనమెక్కి అరవీటి వంశ పాలనను ఆరంభించాడు. రామరాజభూషణుడి 'వసుచరిత్ర' అంకితమైంది ఈ తిరుమలరాయలికే. రాజ్యం సగానికి పైగా చితికిన రోజుల్లోనూ తెలుగు కావ్యానికి ఇక్కడ ఆదరణ దక్కింది.

1589 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా పెనుకొండను ముట్టడించాడు. అప్పటి రాజు రెండో వేంకటపతి రాయలు సంధి మాటలతో వ్యవధి సంపాదించి, ఆ కొద్దిరోజుల్లోనే కోటలోకి తిండిగింజలు, ఆయుధాలు చేర్చుకున్నాడు. సంధి లేదని తేలేసరికి వానాకాలం దగ్గర పడింది. కృష్ణ పొంగితే గోల్కొండకు తిరుగుదారి మూసుకుపోతుందన్న భయంతో సుల్తాను ముట్టడి ఎత్తేశాడు. అయినా దాడుల బెడద తప్పక, ఆ తరువాత వేంకటపతి రాయలు రాజధానిని చంద్రగిరికి మార్చాడు. 17వ శతాబ్దం నడుమ పెనుకొండ బిజాపూర్ వశమైంది. మరాఠాలు, మైసూరు పాలకుల చేతులు మారి, 1800లో నిజాం దత్తం చేసిన సీమతో పాటు బ్రిటిష్‌వారి ఏలుబడిలోకి వచ్చింది.

కట్టడాలు

కొండ చుట్టూ ప్రాకారాలు, బురుజులు, మంటపాలు నేటికీ ఉన్నాయి. గగన్ మహల్‌లో హిందూ, ఇస్లామీ శైలులు కలిసిపోయి కనిపిస్తాయి. దిగువన రాముడి గుడి, శివుడి గుడి పక్కపక్కనే ఉన్నాయి. పార్శ్వనాథ బసది జైనులకు పుణ్యస్థలం. బాబా ఫక్రుద్దీన్ దర్గాను ఇక్కడివారు బాబయ్య దర్గా అంటారు. ఏటా జరిగే ఉరుసుకు అన్ని మతాలవారూ వస్తారు.

ఆర్థిక వ్యవస్థ

ఈ ప్రాంత రైతుకు ప్రధాన పంట వర్షాధార వేరుశనగ. ఊడలు దిగే రోజుల్లో వాన ముఖం చాటేస్తే కాయ పట్టదు, పెట్టుబడి తిరిగిరాదు. బోరు పడినవారు మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచుతారు. ఆ పట్టుగూళ్లకు హిందూపురంలో మార్కెట్ ఉంది, ధర్మవరంలో పట్టుచీరల మగ్గాలున్నాయి. వాన లేని ఏడు బెంగళూరుకు వలస పోయి కట్టడం పనులు, కూలిపనులు చేసుకోవడం ఇక్కడి కుటుంబాలకు మామూలైంది.

హంద్రీ–నీవా సుజల స్రవంతి పథకం ఈ పరిస్థితిని కొంత మార్చింది. శ్రీశైలం వెనుక జలాల నుంచి కృష్ణా నీటిని దశలవారీగా ఎత్తిపోసి, కాలువల ద్వారా పెనుకొండ మండలంలోని గొల్లపల్లి జలాశయానికి తెచ్చారు. 2016 చివర్లో ఆ నీరు చేరింది. 2017 ఏప్రిల్‌లో పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద కర్మాగారం పెట్టడానికి కియా రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. కార్ల తయారీకి నీరు ఎంత అవసరమో రంగు వేసే విభాగంలో తెలుస్తుంది. రేకు మీద నూనె జిడ్డు, దుమ్ము పోయేదాకా కారు బాడీని తొట్లలో పలుమార్లు ముంచి కడిగాకే పూత నిలుస్తుంది. గొల్లపల్లిలో నీరు లేకుంటే ఈ మెట్టలో అలాంటి పరిశ్రమ నిలిచేది కాదు.

సుమారు 536 ఎకరాల్లో, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో కర్మాగారాన్ని నిర్మించారు. 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ బయటికి వచ్చింది. తరువాత సోనెట్, కారెన్స్ వచ్చాయి. 2023 జులైలో పదిలక్షలవ కారు తయారైంది. హ్యుందాయ్ మోబిస్ వంటి విడిభాగాల సంస్థలూ చుట్టుపక్కల వెలిశాయి. ఇక్కడి కార్లు పశ్చిమాసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాలకు ఎగుమతి అవుతున్నాయి.

కొరియన్ ఇంజినీర్ల రాకతో 44వ నంబరు జాతీయ రహదారి వెంట హోటళ్ల మీద తెలుగు పక్కన కొరియన్ అక్షరాల బోర్డులు లేచాయి. కొరియాలో ఇలాంటి మార్పుకు ఉల్సాన్ పెద్ద ఉదాహరణ. 1962లో పారిశ్రామిక కేంద్రంగా ప్రకటించిన ఆ తీర పట్టణం హ్యుందాయ్ రాకతో మహానగరమైంది. ఉల్సాన్‌కు పక్కనే రేవు ఉంది. పెనుకొండకు సముద్రం దూరం, ఎగుమతి కార్లు రేవుకు చేరాలంటే రోడ్డు, రైలే దిక్కు.

రవాణా

గుంతకల్లు–బెంగళూరు రైలుమార్గంలో పెనుకొండ జంక్షన్. పుట్టపర్తి మీదుగా ధర్మవరం వెళ్లే మార్గం ఇక్కడే చీలుతుంది. ఆ దారిలోని శ్రీసత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషన్ 2000లో ప్రారంభమైంది.

నేటి సమస్యలు

స్థానికులకు ఉద్యోగాల వాటా ఇక్కడ పెద్ద చర్చ. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని రాష్ట్రం 2019లో చట్టం చేసింది. ఆ వాటా నిజంగా పల్లె యువతకు దక్కాలంటే ఐటీఐ, పాలిటెక్నిక్ చదువులు ఊరికి దగ్గరగా రావాలి. కోట గోడలకు, గగన్ మహల్‌కు నిరంతర సంరక్షణ కావాలి. అన్నిటికన్నా ముఖ్యం నీటి పంపకం. జలాశయం నీరు కర్మాగారానికి ఎంత అవసరమో, బుక్కపట్నం, ధర్మవరం చెరువులు నిండటం రైతుకు అంతే అవసరం. ఫ్యాక్టరీ నడుస్తూనే చెరువులూ నిండితే ఈ సీమలో వలస తగ్గుతుంది. పెనుకొండకు అసలైన అభివృద్ధి అదే.