కలివికోడిని కనుక్కున్నది ఎవురు? లంకమలలో కాలిబాట, కెమెరా

పోయిన కార్తీకంలో మా హాస్టల్ నుంచి తొమ్మిదిమందిమి లంకమల కొండకు నడిచిపోయినాం. తిరిగొచ్చి ఫోటోలు పెడితే ఈ గ్రూపులోనే ఒక అన్న అడిగినాడు, "బొమ్మలు బాగుండాయి గానీ ఆ కొండ కథ మీకేమన్నా తెలుసా?" అని. మాకు జవాబు రాలేదు, సిగ్గేసింది. అప్పట్నుంచి కాలేజీ లైబ్రరీలో దొరికినవి చదివి, ఇంటికి పోయినప్పుడల్లా పెద్దోళ్ళను అడిగి ఇది రాస్తున్నాం. పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

బద్వేలుకూ సిద్ధవటానికీ నడుమ ఉండేది లంకమల. ఉత్తరాన నల్లమల, తూర్పున వెలికొండ, మధ్యలో సగిలేరు, కింద పెన్న. పొద్దున్నే ఎండ పడితే కొండ చరియలు ఎర్రగా కాలినట్టుంటాయి. మేమైతే ఫోన్లు తీసి నిలబడిపోయినాం. మాతో వచ్చిన మామ (మా రూమ్మేటుకు మేనమామ) మాత్రం కొండను చూడలేదు, నేలను చూస్తా నడిచినాడు. "ఈడ దుప్పి దాటింది, రేత్రిది" అన్నాడు. మేం పది ఫోటోలు తీసిన చోట ఆయనకు కనబడింది అడుగు. మాలో యానాదులున్నారు, ఎరుకలున్నారు, సుగాలీలున్నారు. మూడు ఇండ్లలోనూ అడవంటే చూసొచ్చే చోటు కాదు. తేనె, మూలికలు, బుట్టలల్లే ఈత, పశువుల మేత, అంతా అక్కడిదే.

ఆ నడకకు మొదటి అడ్డం 1882 మద్రాసు అటవీ చట్టం. రిజర్వు ఫారెస్టు అని గీత గీసినాక, మన ముత్తాతలు పుట్టినప్పట్నుంచి తిరిగిన బాటలో తిరగడానికే పర్మిషన్ కావాల్సి వచ్చింది. ఎరుకలోళ్ళ సంగతి ఇంకా ఘోరం. పుట్టుకతోనే నేరస్థులని చట్టం రాసి, దేశమంతటా చూస్తే 1952 దాకా దాన్ని పూర్తిగా తీసెయ్యలేదు.

మనవాళ్ళను కెమెరా ముందు నిలబెట్టింది కూడా ఆ కాలమే. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్, రంగాచారి సాయంతో 1909లో దక్షిణ భారత కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు అచ్చేసినాడు. ఆయన మనుషుల తలలు, ముక్కులు కూడా కొలిచేవాడు. అందులో ఎరుకలూ ఉన్నారు, యానాదులూ ఉన్నారు. ఫోటో కింద తెగ పేరుంటుంది, మనిషి పేరుండదు. మాలో ఒకడు ఆ యానాది బొమ్మను చానాసేపు చూసి "మా జేజినాయన మాదిరే ఉండాడు" అన్నాడు. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు.

ఇంక అసలు కథ. జెర్డాన్ అనే కంపెనీ డాక్టరుకు మన వైపు కొండల్లో ఒక పక్షి దొరికింది. 1848లో బ్లైత్ అనే ఇంకో దొర దానికి శాస్త్రీయ నామం పెట్టినాడు. మెడకు రెండు పట్టీలుంటాయి గనక ఆ పేరు. లోకానికది జెర్డాన్స్ కోర్సర్ అయింది. మనోళ్ళకు మాత్రం కలివికోడి, కలివి పొదల్లో తిరుగుతుంది గనక. 1900లో అనంతపురం దగ్గర ఒకసారి కనబడినాక మళ్ళీ ఎవరికీ చిక్కలేదు. అంతరించిపోయిందని రాసేసినారు.

86 ఏళ్ళ తర్వాత, 1986 జనవరిలో, అది లంకమల పక్క రెడ్డిపల్లె దగ్గర బయటపడింది. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఈ ఊర్లన్నీ తిరిగి, పక్షి బొమ్మ చూపించి అడిగినాడు. బతికున్న పక్షిని చేత్తో పట్టింది మాత్రం ఐతన్న అనే ఊరి వేటగాడు. రాత్రిపూట, లైటు వెలుగులో. ఆ పక్షి తర్వాత బతకలేదు, అది వేరే బాధ. భూషణ్ శ్రమను మేం తక్కువ చెయ్యడంలేదు, ఆయన అడక్కపోతే ఐతన్న పేరు కూడా మనకు తెలిసేది కాదు. కానీ "తిరిగి కనుగొన్నారు" అని చదివినప్పుడల్లా మాకు ఒక ప్రశ్న. ఊర్లో పేరున్న పక్షి ఎవరికి కనబడకుండా పోయినట్టు?

1988లో తపాలా బిళ్ళ మీద కలివికోడి వచ్చింది. అదే ఏడాది శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, దాదాపు 464 చదరపు కిలోమీటర్లు. 2000 తర్వాత జగన్నాథన్ అనే పరిశోధకుడు వాడిన పద్ధతి మాకు బాగా నచ్చింది. పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే అడుగుజాడలు చూడటం. కోర్సర్‌కు కాలికి మూడే వేళ్ళు, మూడూ ముందుకే, వెనక వేలు లేదు. దాంతోపాటు, పక్షి ముందుకొస్తే తనంతట తానే ఫోటో తీసే కెమెరాలు పెట్టినారు. కెమెరా కొత్తదే. మట్టిలో అడుగు చదవడం మాత్రం మా మామకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు.

2005లో తెలుగుగంగ కాలువకని యంత్రాలు ఆ పొదల్లోకే దిగినాయి. గొడవై, కోర్టు దాకా పోయి, కాలువ దారి మార్చినారు. దీనిమీద మా రూములో ఒక రాత్రంతా కొట్లాట. "పక్షికి కాలువనే తిప్పినారు, మా నాయన సాగు చేసే రెండెకరాలకు 2006 చట్టం వచ్చినా పట్టా రాలేదు" అని ఒకడు. "ఆ కంప పొదలు పోతే నిమ్మతోటలొస్తాయి, అవి మనకిస్తారా?" అని ఇంకొకడు. ఇద్దరూ తప్పు చెప్పలేదు. మాకు తోచింది ఇది: పక్షి మనకు పోటీ కాదు. అడవికి హద్దు గీసేటప్పుడు మనల్ని అడగకపోవడమే అసలు పేచీ.

మేం పోయిన రోజు కూడా దారిలో ఒకచోట ఆపినారు. ఎర్రచందనం కేసులు నడిచే కొండ గదా, ఆపడం తప్పనం. బండిలో వచ్చిన వేరే కుర్రోళ్ళను "ట్రెక్కింగా?" అని నవ్వుతా అడిగి, మా మామను మాత్రం సంచి విప్పమన్నారు. అందులో సద్దన్నం, మిరక్కాయ పచ్చడి. ఆయన మౌనంగా మూట కట్టుకున్నాడు. ఆ ముఖాన్ని మేం ఫోటో తియ్యలేదు.

కలివికోడి మాకు కనబడలేదు. అది రాత్రి తిరిగే పక్షి, మాకు పొద్దుగూకేలోపల హాస్టల్‌కు రావాల. కానీ వచ్చే దోవలో మామ చూపించిన వంకలకు, బండలకు, చెలమలకు పెద్దోళ్ళు పిలిచే పేర్లు నోటుబుక్కులో రాసుకున్నాం, 31 పేర్లు. గూగుల్ మ్యాపులో వెతికితే రెండే దొరికినాయి. రేపట్నుంచి ఒక్కో ఫోటో ఈ గ్రూపులో పెడతాం, కింద ఆ చోటు పేరు, దోవ చూపించినోళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేరు. మీ తాండాలో, మీ కాలనీలో అవే చోట్లకు వేరే పేర్లుంటే కామెంటులో రాయండి, పక్కనే అవీ చేరుస్తాం.