గంటం నుండి మౌస్ దాకా: లేఖకుని చేయి



మా చిత్తూరు సీమలో కాణిపాకం వరసిద్ధి వినాయకుని ఎరుగనివారుండరు. వ్యాసుడు చెప్పగా భారతం వ్రాసిన లేఖకుడుగా కూడా గణపతి ప్రసిద్ధుడు. ఆయన వాహనం ఎలుక. నేడు కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతి లేఖకుని అరచేతి క్రిందా ఒక ఎలుక ఉన్నది. ఈ పోలికకు నవ్వుకోవచ్చును గాని, ఆ కథలో లేఖకుని ఆరోగ్యానికి పనికివచ్చే మాట ఒకటున్నది. తన గంటం ఆగరాదని గణపతి నియమం పెట్టినాడు. అర్థం గ్రహించనిదే వ్రాయరాదని వ్యాసుడు ఎదురు నియమం పెట్టినాడు. కఠినశ్లోకం వచ్చినప్పుడల్లా గంటం కొంతసేపు ఆగేది. పుణె భండార్కర్ సంస్థవారు తమ పరిష్కృత ప్రతిలో ఈ కథను మూలపాఠంలో చేర్చలేదు. ఎవరు ఎప్పుడు కల్పించినా, వ్రాతకు విరామం కావాలని ఎరిగినవారే కల్పించి ఉంటారని నా నమ్మకం.

లేఖకుని బాధ నేటిది కాదు. నడుము విరిగినది, మెడ వంగినది, ఇంత కష్టపడి వ్రాసిన గ్రంథాన్ని పదిలంగా కాపాడండి అని వ్రాతప్రతుల చివర వేడుకొనడం మన దేశపు లేఖకులలో ఒక ఆచారం. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని తన వృత్తివ్యాధుల గ్రంథపు 1713 నాటి కూర్పులో లేఖకులను గురించి ప్రత్యేకంగా వ్రాసినాడు. కదలక కూర్చొనుట, చేతిని ఎడతెగక ఒకే తీరున ఆడించుట, తప్పు దొర్లరాదన్న మనోభారం అనే మూడు కారణాలు చెప్పినాడు. కుడిచేయి పట్టు తప్పిన ఒక లేఖకుడు ఎడమచేత వ్రాయనేర్వగా, కొంతకాలానికి ఆ చేతికీ అదే గతి పట్టినదట! బ్రిటనులో తంతి గుమాస్తాల చేతి కొంకర్లను 1908లో నష్టపరిహారం ఇవ్వదగిన వృత్తివ్యాధులలో చేర్చినారు.

ఇక మన గంటం సంగతి. తాటాకు ఎడమచేత, గంటం కుడిచేత పట్టేవారు. ఎడమ బొటనవ్రేలు గంటానికి ఆనికగా నిలిచేది. వ్రాత సాగుతున్నకొద్దీ ఆకునే జరిపేవారు. అనగా శ్రమ రెండు చేతులకూ పంపకమయ్యేది. వ్రాసిన గీతలు కనబడుటకు మసి పూయాలి, ఆకులకు రంధ్రాలు చేసి త్రాడు గ్రుచ్చాలి. శ్రీకాళహస్తి కలంకారీ పనివారిదీ ఇదే తీరు. వెదురు కలానికి చుట్టిన ముద్దను వేళ్లతో నొక్కుతూ రంగు దించుతారు. అది వేళ్లకు కష్టమే. అయితే గుడ్డను ఉడకబెట్టాలి, పారే నీటిలో జాడించాలి, ఆరవేయాలి. పని మారుతుంది, దానితో దేహభంగిమ కూడా మారుతుంది. పాతకాలంలో చేతులు నొప్పి పుట్టలేదని నేననను. కానీ ఆ పనిముట్లలోనే కొంత విరామం ఇమిడి ఉండేది.

మౌస్‌లో అది లేదు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనకు బిల్ ఇంగ్లిష్ 1964లో చెక్కపెట్టెతో తొలి రూపం ఇచ్చినాడు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దానిని లోకానికి చూపినారు. అది తేలికైన వస్తువు. ఆకు మార్చే పని లేదు, సిరా ముంచే పని లేదు. కనుక చేయి ఆగవలసిన అవసరమే రాదు.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు, వాటిపై ఒక గట్టి పట్టీ, ఆ నడుమ ఇరుకైన సొరంగం ఉన్నవి. వేళ్లను ముడిచే తొమ్మిది తాళ్లవంటి స్నాయుబంధనాలు, వాటితోపాటు ఒక నాడి అందులోనుండి పోతాయి. మణికట్టు ఎక్కువసేపు వంగి ఉంటే ఆ నాడిపై ఒత్తిడి పెరుగుతుంది. నాడి నలిగితే బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. దీనినే కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. మౌస్ ఒక్కటే దీనికి కారణమని వైద్యులు తేల్చలేదు. మధుమేహం, థైరాయిడ్ లోపం, గర్భధారణ వంటివి కూడా కారణాలు కావచ్చును. కానీ గంటల తరబడి మౌస్ పట్టేవారికి ముంజేతి నొప్పులు సాధారణమే.

ఉద్యోగ విరమణ తరువాత పాత శతకాలను యూనికోడులోకి ఎక్కిస్తుండగా, రాత్రివేళ వేళ్లు తిమ్మిరెక్కి నాకు మెలకువ వచ్చేది. వైద్యుడు నిద్రలో మణికట్టును తిన్నగా ఉంచే పట్టీ ఇచ్చి, కొన్ని నియమాలు చెప్పినాడు. వాటితో నాకు ఉపశమనం కలిగినది గనుక ఇక్కడ పొందుపరుస్తున్నాను.

మౌస్ కీబోర్డు ప్రక్కనే, అదే ఎత్తులో ఉండవలెను. దానికోసం చేయి దూరంగా చాపరాదు. మోచేయి దేహానికి దగ్గరగా, మణికట్టు తిన్నగా ఉండవలెను. మౌస్‌ను మణికట్టు త్రిప్పి గాక, మోచేతి నుండి కదపవలెను. బల్ల అంచు మణికట్టుకు ఒత్తుకొనరాదు. పట్టు వదులుగా ఉండవలెను. కీబోర్డు మీటలతో అయ్యే పనికి మౌస్ ముట్టనక్కరలేదు. అరగంటకొకసారి చేతిని వదలివేసి లేచి నాలుగడుగులు వేయవలెను. తిమ్మిరి తగ్గకపోయినా, పట్టు సడలి వస్తువులు జారిపోతున్నా వైద్యుని చూడవలెను.

తిరుమలలో అన్నమాచార్యుల సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు 2,000కు పైగా దొరికినవి. ఇరవయ్యో శతాబ్దిలో తిరుపతి పండితులు వాటిని చూచి కాగితంపైకి ఎక్కించినారు. ఆ రేకులు చెక్కిన చేతులు ఎంత నొచ్చినవో ఎవరూ వ్రాసిపెట్టలేదు. 1939లో దేవస్థానంవారు స్థాపించిన ప్రాచ్య పరిశోధన సంస్థలోని తాళపత్రాలు మొదలుకొని మన ఇళ్లలోని పాత పుస్తకాల దాకా యూనికోడులోకి రావలసినది ఎంతో ఉన్నది. ఆ పని చేయవలసిన చేతులు నేడు బడులలో మౌస్ పట్టుకొంటున్నవి. చేతివ్రాత నేర్పేటప్పుడు బలపం పట్టే తీరు ముందుగా దిద్దించేవారము. మౌస్ పట్టే తీరు కూడా అట్లే తొలి పాఠం కావలెనని ఉపాధ్యాయమిత్రులకు నా విన్నపం.