నొప్పి యెరుగని పాదములు

జహీరాబాదు చెరకుతోటలో నడచువాని కాలికి ముల్లు గ్రుచ్చుకొనిన, వాడు వెంటనే ఆగి తీసివేయును. ఆ నొప్పియే పాదమునకు కావలివాడు. కుష్ఠువ్యాధి నరములను చెరిపినప్పుడు ఈ కావలి పోవును. ముల్లుతోనే రోగి మైళ్లు నడచును, పుండు పడును. కొందరికి పాదము పైకి లేవక వ్రేళ్లు నేలను రాచుకొనును.

జహీరాబాదు నిజాము రాజ్యములో నుండిన కాలమున, ఆ రాజ్యమందే డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండు జార్జి కెర్ 1915లో కుష్ఠురోగులకు ఆసుపత్రి తెరచిరి. హిందువైన రాజా నర్సాగౌడ్ ధనమిచ్చెను. తరువాత వెల్లూరులో డాక్టరు పాల్ బ్రాండ్, ఈ పుండ్లకు కారణము మాంసము కుళ్లుట కాదనియు, తెలియక తగిలిన దెబ్బలే యనియు చూపెను.

1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స క్రిములను చంపును. అయితే బహుకాలము క్రిందట చెడిన నరమునకు స్పర్శ సాధారణముగా తిరిగి రాదు. కావున ఆ కావలి పని కన్నులే చేయవలెను: ప్రతి సాయంకాలము కాళ్లు కడిగి అరికాలు చూడవలెను, మెత్తని అట్టగల చెప్పులు తొడుగవలెను, పుండు పడిన నడక మానవలెను.

నీ యింట అట్టివారున్నయెడల, నేడే చెంబుతో నీళ్లు తెచ్చి వారి పాదములయొద్ద కూర్చుండుము. శిష్యుల కాళ్లు కడిగిన ప్రభువునకు అది తక్కువ పని కాలేదు.